చిన్న రీఫ్ ట్యాంక్‌కి డోసర్ పెట్టాలి, కానీ హాల్లో కనపడకూడదు

ప్రశ్న: అన్నా, మా హాల్లో 60 లీటర్ల రీఫ్ ట్యాంక్, అంటే కోరల్స్ పెంచే ఉప్పునీటి అక్వేరియం, ఉంది, ఏడాదిన్నర అయింది. వెనకాల చాంబర్లు ఉండే మోడల్, విడిగా సంప్, అంటే కింద ఇంకో ఫిల్టర్ తొట్టె, లేదు. టార్చ్, హ్యామర్, రెండు మోంటిపోరాలు, కొన్ని జోవాలు, ఈ కోరల్స్ ఉన్నాయి. రోజూ పొద్దున్నే సిరంజితో ఆల్క్ (ఆల్కలినిటీ, కోరల్స్‌కి కావాల్సిన కార్బొనేట్), కాల్షియం పోస్తున్నా కానీ ఆఫీసు పని మీద ఊరెళ్తే వారం, పది రోజులు ఆగిపోతోంది. రెండు హెడ్ల డోసర్, అంటే వాటిని టైముకి తనే పోసే రెండు పంపుల మెషిన్, కొన్నా, ఇంకా డబ్బాలోనే ఉంది. ఎందుకంటే మా ఆవిడ "అక్వేరియం అని చెప్పి హాల్లో సెలైన్ బాటిళ్ళు వేలాడేస్తావా" అంటోంది. సీసాలు, ట్యూబులు, వైర్లు కనపడకుండా, సౌండ్ వినపడకుండా ఎలా పెట్టాలి? మూడేళ్ళ పాప కూడా ఉంది ఇంట్లో. ట్యాంక్ పైన గోడకి ఒక షెల్ఫ్ ఉంది, అక్కడ పుస్తకాల వెనక అన్నీ దాచేద్దాం అనుకుంటున్నా, ఓకేనా?

సమాధానం:

తమ్ముడూ, ముందు ఆ ఆఖరి మాటకే జవాబు చెప్పేస్తా. ఆ షెల్ఫ్ సంగతి మర్చిపో, సాయంత్రంలోపు మర్చిపో.

ఎందుకంటే నేను అచ్చం అదే చేశాను. నాది నీకన్నా కొంచెం పెద్ద ట్యాంక్, పైన షెల్ఫ్, దాని మీద ఒక చెక్క పెట్టె, పెట్టెలో రెండు సీసాలు, చూడ్డానికి ఎంత నీట్‌గా ఉండేదో, వచ్చినవాళ్ళెవరికీ డోసర్ ఉందన్న సంగతే తెలిసేది కాదు. ఒక ఆదివారం పంప్ హెడ్ మూత తీసి రోలర్లు తుడిచాను, మూత సరిగ్గా క్లిక్ అవ్వలేదు, నేను చూసుకోలేదు. పెరిస్టాల్టిక్ పంప్ అంటే తెలుసు కదా, లోపల రోలర్లు ట్యూబ్‌ని నొక్కి పట్టుకుని ఉంటాయి, ఆ నొక్కుడే దానికి వాల్వు. మూత లూజ్ అయ్యేసరికి ఆ నొక్కుడు పోయింది, సీసా పైన ట్యాంక్ కింద, ఇంకేముంది, సైఫన్ మొదలైంది, అంటే పంప్ తిరగకపోయినా సీసాలోది దానంతట అదే కిందికి కారడం. గంట తర్వాత వచ్చి చూస్తే ట్యాంక్ పాలు పోసినట్టు తెల్లగా ఉంది, అవతల గ్లాస్ కనపడట్లేదు, సీసాలో ఆల్క్ సగానికి సగం లేదు. హీటర్ మీద, పంపుల మీద తెల్లటి సుద్ద పొర కట్టింది, అది వెనిగర్‌లో నానబెడితే పోయింది గానీ పోయిన కోరల్స్ రాలేదు.

ట్యూబ్ చివర నీళ్ళల్లో మునగకుండా పెడితే సైఫన్ రాదు అని చాలామంది అనుకుంటారు. సీసా పైన ఉన్నప్పుడు అది తప్పు. సీసాలో ద్రవం మట్టం కన్నా ట్యూబ్ చివర కిందికి ఉంటే చాలు, అది గాల్లో ఉన్నా నీళ్ళల్లో ఉన్నా కారుతూనే ఉంటుంది. కాబట్టి సీసాలు ట్యాంక్ కింద క్యాబినెట్‌లోనే ఉండాలి. అప్పుడు పంప్ హెడ్ లూజైనా సీసాలోది తనంతట తాను పైకెక్కి ట్యాంక్‌లో పడదు. క్యాబినెట్‌లోంచి ట్యాంక్ పైదాకా ఎక్కించడం ఈ పంపులకి పెద్ద పనేం కాదు, మీటరు, మీటరున్నర ఎత్తు హాయిగా లాగుతాయి.

కింద పెట్టినా ఒక తిరకాసు ఉంది. ఈసారి రివర్స్‌లో. ట్యూబ్ చివర ట్యాంక్ నీళ్ళల్లో మునిగి ఉండి హెడ్ లూజ్ అయితే ట్యాంక్ నీళ్ళే కిందికొచ్చి సీసా నిండి క్యాబినెట్ తడిసిపోతుంది. అందుకే చివర నీటి మట్టానికి పైన ఉండాలి, ఇక్కడ నీ మోడల్ ట్యాంక్‌తో జాగ్రత్త, వెనక చాంబర్లో నీళ్ళని మళ్ళీ ముందుకి కొట్టే రిటర్న్ పంప్ ఆగితే అక్కడ నీళ్ళు పైకి లేస్తాయి. కరెంటు ఉన్నప్పుడు చూసి "రెండు సెంటీమీటర్ల పైన ఉందిలే" అనుకుని క్లిప్ పెట్టేస్తావ్, కరెంటు పోగానే అది మునుగుతుంది. ముందు రిటర్న్ పంప్ ఆపేసి పది నిమిషాలు వదిలెయ్, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గ్లాస్ మీద మార్కర్‌తో గీత గీయి, ఆ గీతకి రెండు సెంటీమీటర్ల పైన ట్యూబ్ చివర రావాలి. రెండు ట్యూబుల చివర్లూ పక్కపక్కన వద్దు, ఒకటి నీళ్ళొచ్చి పడే చాంబర్లో, ఇంకోటి దాని తర్వాత చాంబర్లో పెట్టు, రెండు చోట్లా నీళ్ళు బాగా కదులుతుండాలి. ఆల్క్, కాల్షియం చిక్కగా ఉన్నప్పుడు ఎదురుపడ్డాయంటే అక్కడికక్కడే సుద్ద అయిపోతాయి, నీ డబ్బుతో నువ్వే ట్యాంక్‌లో సుద్ద తయారుచేసినట్టు. ట్యూబ్ చివర ఉప్పు పేరుకుంటుంది, వారానికోసారి వేలితో అలా తుడిచెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఉత్తరం అంతా ఎలా దాచాలి అనే రాశావ్ గానీ నీ ట్యాంక్ రోజుకి ఎంత తింటోందో ఒక్క నంబరు కూడా రాయలేదు. సిరంజితో ఎంత పోస్తున్నావో కూడా లేదు. డోసర్ అనేది తెలివైంది కాదు తమ్ముడూ, నువ్వు చెప్పిన అంకె పోస్తూ పోతుంది అంతే, తప్పు అంకె చెప్తే ఆ తప్పుని రోజూ టైముకి కరెక్ట్‌గా చేస్తుంది.

జోవాలు ఒక్కటే అయితే అసలు డోసింగే వద్దనేవాణ్ణి, వాటికి వాటర్ చేంజ్ చాలు. కానీ టార్చ్, హ్యామర్, మోంటిపోరా గట్టి అస్థిపంజరం కట్టుకునే రకాలు, గ్లాస్ మీద గులాబీ రంగు కోరలైన్ ఆల్గే కూడా పెరుగుతుంటే అది కూడా తింటుంది. కాబట్టి ముందు కొలువు. ఒక రెండు రోజులు ఏమీ పోయకు, వాటర్ చేంజ్ కూడా చెయ్యకు, టాప్ ఆఫ్, అంటే ఆవిరైనంత నీళ్ళు మళ్ళీ నింపడం, మాత్రం ఆర్‌ఓ నీళ్ళతో మామూలుగా చెయ్యి. రోజూ ఒకే టైముకి, ఒకే కిట్‌తో ఆల్క్ చూడు. ఉదాహరణకి మొదటి రోజు 8.8 డీకేహెచ్ (ఆల్క్ కొలిచే యూనిట్), సరిగ్గా 48 గంటల తర్వాత 7.2 వచ్చింది అనుకో, రెండు రోజులకి 1.6, అంటే రోజుకి 0.8. అదే నీ ట్యాంక్ ఆకలి. కాల్షియం విడిగా కొలిచి లెక్కెయ్యాల్సిన పనిలేదు, కోరల్ అస్థిపంజరం అంటే కాల్షియం కార్బొనేట్ కాబట్టి రెండూ ఒక నిష్పత్తిలోనే తగ్గుతాయి, 1 డీకేహెచ్ ఆల్క్‌కి దగ్గర దగ్గర 7 పీపీఎం కాల్షియం. పైగా 7 పీపీఎం తేడాని మనింట్లో ఉండే కిట్ పట్టుకోలేదు, ఆల్క్ తేడాని పట్టుకుంటుంది.

ఇక మందు కలపడం. నీది 60 లీటర్లని పేరే గానీ రాళ్ళు, ఇసుక పోను నీళ్ళు 50 లీటర్లు ఉంటాయనుకుందాం. 100 లీటర్లలో 1 డీకేహెచ్ పెరగాలంటే 3 గ్రాముల సోడియం బైకార్బొనేట్ కావాలి, అదే మన వంటసోడా, బేకింగ్ పౌడర్ కాదు, అది వేరే, దాని జోలికెళ్ళకు. నీ 50 లీటర్లకి రోజుకి 0.8 అంటే 1.2 గ్రాములు. లీటరు ఆర్‌ఓ నీళ్ళకి 60 గ్రాములు కలిపితే రోజుకి 20 ఎంఎల్ పోస్తే సరిపోతుంది. రెండో సీసాకి లీటరుకి 52 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్, అది కూడా రోజుకి 20 ఎంఎల్. రెండూ ఒకే అంకె అయితే గుర్తుపెట్టుకోవడం తేలిక. కాల్షియం క్లోరైడ్ కలిపేటప్పుడు సీసా వేడెక్కుతుంది, కంగారుపడకు, నీళ్ళల్లో పొడి కొంచెం కొంచెంగా వెయ్యి. మిగిలిన పొడి డబ్బా మూత గట్టిగా పెట్టు, గాల్లో తేమ లాక్కుని రెండ్రోజుల్లో ముద్దైపోతుంది. రాత్రిపూట నీ ట్యాంక్ పీహెచ్ మరీ 7.8 కిందికి పడుతుంటే వంటసోడా బదులు సోడా యాష్ వాడు, లీటరుకి 60 బదులు 38 గ్రాములు చాలు, అది పీహెచ్‌ని కూడా కొంచెం లేపుతుంది. రెడీమేడ్ టూ పార్ట్, అంటే ఇలాంటి రెండు సీసాల సెట్, కొనుక్కున్నా ఓకే, లేబుల్ మీద లెక్క వేరే ఉంటుంది, నా గ్రాములు దానికి పనికిరావు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేసేది. లీటరు కలిపాం కదా అని లీటరు సీసా మొత్తం పంప్‌కి తగిలించేస్తారు, 50 రోజులు మళ్ళీ చూడక్కర్లేదని. ఆ లీటరులో 60 గ్రాముల సోడా ఉంది. ఏదో ఒక రోజు ప్రోగ్రాం తప్పో, బటన్ ఇరుక్కునో అదంతా ట్యాంక్‌లోకి వెళ్తే లెక్క ప్రకారం ఆల్క్ 40 డీకేహెచ్ పెరగాలి, నిజానికి అంత నిలవదు, సుద్ద అయి కింద పడుతుంది, కానీ కోరల్స్‌కి ఆ రెండూ ఒకటే. నీకు పది రోజుల టూర్ ఎక్కువ. కాబట్టి 250 ఎంఎల్ సీసాలు చాలు, పన్నెండు రోజులొస్తుంది. అది మొత్తం పోయినా 10 డీకేహెచ్, అది కూడా దెబ్బే, కానీ ట్యాంక్ బతికి బయటపడే ఛాన్స్ ఉంది. పల్చగా కలిపితే సేఫ్ కదా అని అడుగుతావేమో, సీసా మొత్తం ఖాళీ అయినప్పుడు పల్చనా చిక్కనా అని కాదు, అందులో ఎన్ని గ్రాములుంది అన్నదే లెక్క. నీకు ఇంకో లాభం, 250 ఎంఎల్ సీసాలు రెండు క్యాబినెట్‌లో ఒక మూల ఒదిగిపోతాయి, తలుపేస్తే మరదలికి కూడా కనపడవు.

కనపడకూడదు అన్నదాని గురించి ఇప్పుడు చెప్తా. ట్యాంక్ వెనక గోడ నలుపు ఉంటుంది కాబట్టి డోసర్‌తో వచ్చిన తెల్ల ట్యూబ్ పక్కన పెట్టి నల్ల ట్యూబ్ తెచ్చుకో, లోపల సైజు మాత్రం కరెక్ట్‌గా సరిపోవాలి. క్యాబినెట్ వెనక వైర్లకోసం ఎలాగూ కన్నం ఉంటుంది, అందులోంచి పైకి తెచ్చి ట్యాంక్ వెనక మూలన నిలువుగా అంటించేస్తే ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ఏమీ తెలీదు. కానీ హెడ్‌లోపల ఉండే ట్యూబ్‌ని మార్చకు, దానికి ఆ కంపెనీదే ఉండాలి. ట్యూబులన్నీ బిగించాక, అదే ఎత్తులో, అదే పొడవులో పెట్టి క్యాలిబ్రేట్ చెయ్యి, టేబుల్ మీద పెట్టి చేసింది లెక్కలోకి రాదు. ట్యూబ్ నిండేదాకా పంప్ తిప్పి, ఆ తర్వాత 10 ఎంఎల్ సిరంజి పిస్టన్ తీసి, మూతి వేలితో మూసి పట్టుకుని అందులోకి కొట్టించు, గీత మీదకి వస్తోందో లేదో చూడు. నెలకోసారి ఇది చెయ్యి, హెడ్‌లో ట్యూబ్ నలిగి నలిగి చప్పబడి 10 అన్న చోట 8 పోస్తూ ఉంటుంది, నువ్వేమో కోరల్స్ ఎక్కువ తింటున్నాయనుకుని సంబరపడుతుంటావ్.

సౌండ్ సంగతి. స్టెప్పర్ మోటార్ డోసర్ అయితే పెద్దగా వినపడదు, మామూలు మోటార్ అయితే ఒక గుర్రుమనే సౌండ్ వస్తుంది, అసలు విసిగించేది పంప్ కాదు, దాని వణుకుని క్యాబినెట్ చెక్క పట్టుకుని డప్పులా మోగించడం. పంప్‌ని చెక్కకి స్క్రూ వెయ్యకు, కింద మందపాటి స్పాంజ్ గానీ పాత మౌస్ ప్యాడ్ గానీ పెట్టి దాని మీద ఉంచు, ట్యూబులు చెక్కకి తగిలే చోట కూడా ఒక ముక్క పెట్టు. ఇంకా చిన్న ట్రిక్ ఉంది. 20 ఎంఎల్‌ని 2 ఎంఎల్ చొప్పున పది సార్లు పెట్టు. ఆల్క్ రాత్రి 11కి మొదలుపెట్టి రెండేసి గంటలకోసారి, ఆఖరిది మర్నాడు సాయంత్రం 5కి. కాల్షియం దానికి గంట తర్వాత గంట తర్వాత, ఆఖరిది 6కి. అంటే సాయంత్రం 6 దాటిన తర్వాత రాత్రి 11 దాకా, ఇంట్లోవాళ్ళంతా హాల్లో కూర్చునే టైములో, పంప్ నోరు మెదపదు. ఒక్కో డోస్ కొన్ని సెకన్లే, రాత్రి నిద్రలో ఎవరికీ వినపడదు. ఆల్క్‌కి కాల్షియంకి మధ్య గంట గ్యాప్ కూడా దొరికింది, సోడా యాష్ వాడితే పీహెచ్ పడిపోయే రాత్రి పూట అది కూడా వెళ్తూనే ఉంటుంది, అన్నీ కలిసొచ్చాయి.

వైర్లకి రెండే మాటలు. పవర్ స్ట్రిప్ క్యాబినెట్ నేల మీద పెట్టకు, పక్క గోడకి పైన బిగించు, ప్రతి వైరూ ప్లగ్‌లోకి వెళ్ళేముందు ఒకసారి కిందికి వేలాడి పైకి రావాలి, ట్యూబ్ కారినా నీళ్ళు ఆ వంపు దగ్గర నేల మీద పడతాయి గానీ ప్లగ్‌లోకి పోవు. లీకేజ్ కరెంటుకి ట్రిప్ అయ్యే బ్రేకర్ ఆ లైన్‌కి ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడుగు, ఉప్పునీళ్ళతో ఆటలొద్దు. ఎవరైనా డోసర్‌ని స్మార్ట్ ప్లగ్‌తో నడుపుకో అంటే, కరెంటు పోయి వచ్చినప్పుడు ప్లగ్ ఆన్‌లోకి వస్తుందా ఆఫ్‌లోనా అనే సెట్టింగ్ ఒకటుంటుంది, దాన్ని ఆఫ్‌లో పెట్టుకోవాలి. నీది టైమర్ ఉన్న డోసర్ కాబట్టి ఒకసారి ప్లగ్ పీకి పది నిమిషాలాగి మళ్ళీ పెట్టి, గడియారం, ప్రోగ్రాం సరిగ్గా ఉన్నాయో లేదో చూడు. ఊరెళ్ళేముందు రోజు కాదు, ఇప్పుడే చూడు.

పాప ఉంది అన్నావ్ కదా, క్యాబినెట్‌కి చైల్డ్ లాక్ తప్పనిసరి. ఇంకోటి, మనవాళ్ళకి ఉన్న చెడ్డ అలవాటు, ఖాళీ అయిన మంచినీళ్ళ సీసాల్లో ఇలాంటివి పోసిపెట్టడం. రెండూ చూడ్డానికి నీళ్ళలానే ఉంటాయి. కాల్షియం క్లోరైడ్, సోడా యాష్ నోట్లోకి, కళ్ళల్లోకి పోతే కాలుస్తాయి. వేరే ఆకారం సీసాలు తెచ్చుకో, మీద పెద్ద అక్షరాలతో రాయి, ఒకదానికి ఎర్ర టేప్, ఇంకోదానికి నీలం టేప్, అదే రంగు దాని ట్యూబ్ రెండు చివర్లకీ. దాచాలనుకున్నా సరే మరదలికి మాత్రం తలుపు తీసి చూపించు, "ట్యాంక్ తెల్లబడితే ఈ ఒక్క ప్లగ్ పీకెయ్, ఇంకేం ముట్టుకోకు, నాకు ఫోన్ చెయ్" అని చెప్పు. నువ్వు ఊళ్ళో లేనప్పుడు ఆ ఇంట్లో ఆ ప్లగ్ ఏదో తెలిసిన మనిషి ఒకరైనా ఉండాలి కదా.

మొదటి వారం సగం డోసర్‌తో, అంటే 10 ఎంఎల్, మిగతా సగం అదే సొల్యూషన్ సిరంజితో పొయ్యి. రోజు విడిచి రోజు ఆల్క్ చూడు. 8 నుంచి 9 మధ్య ఎక్కడో ఒక చోట కదలకుండా ఉంటే మొత్తం డోసర్‌కి వదిలెయ్. తక్కువ ఉంటే పెంచు గానీ రోజుకి 1 డీకేహెచ్ కన్నా ఎక్కువ పెరగకూడదు, కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు, 7.5 దగ్గర హాయిగా ఉన్న మోంటిపోరాని 9కి తేవాలని ఒక్క పూటలో పోసి చంపినవాళ్ళని చూశాను. కాల్షియం 400, 450 మధ్య, మెగ్నీషియం 1,250, 1,350 మధ్య ఉంటే చాలు. మెగ్నీషియంకి పంప్ అక్కర్లేదు, అది మెల్లగా తగ్గుతుంది, నెలకి రెండుసార్లు చూసి తగ్గితే చేత్తో పొయ్యి. అది బాగా పడిపోతే మాత్రం ఆల్క్, కాల్షియం ఎంత పోసినా నిలవవు. టూ పార్ట్‌తో ట్యాంక్‌లో మామూలు ఉప్పు కూడా కొంచెం కొంచెం పెరుగుతుంది కాబట్టి సాలినిటీ, అంటే నీళ్ళల్లో ఉప్పు మోతాదు, వెయ్యికి 35 దగ్గర ఉందో లేదో చూస్తూ వాటర్ చేంజ్‌లు మానకు. టాప్ ఆఫ్ ఇంకా చేత్తోనే చేస్తున్నావా? అయితే నిజం చెప్పాలంటే డోసర్ కన్నా ముందు ఆటో టాప్ ఆఫ్ కొనాల్సింది, 50 లీటర్లలో లీటరు ఆవిరైతే సాలినిటీ 35 కాస్తా 35.7 అవుతుంది, పది రోజుల టూర్‌లో ఎంతవుతుందో నువ్వే లెక్కేసుకో.

డోసర్ పెట్టాక టెస్ట్ చెయ్యడం మానేస్తారు అందరూ, నేనూ మానేశాను ఒకప్పుడు. వారానికి ఒక్కసారి, ఆదివారం పొద్దున అనుకో, ఆల్క్ ఒక్కటి చూసి క్యాబినెట్ తలుపు లోపలివైపు కాగితం మీద రాయి. కోరల్స్ పెరిగేకొద్దీ అంకె మెల్లగా తగ్గుతూ వస్తుంది, రోజుకి 1 ఎంఎల్, 2 ఎంఎల్ పెంచుకుంటూ పో. కానీ నువ్వేం మార్చకుండా అంకె పెరుగుతూ వస్తే, 8.4, 8.7, 9.1 అలా, డోసర్ ఎక్కువ పోస్తోందేమో ముందు సిరంజితో చూడు. డోసర్ కరెక్ట్‌గానే పోస్తుంటే కోరల్స్ తినడం తగ్గించాయని అర్థం. టార్చ్ ఇంకా అందంగా విచ్చుకునే ఉంటుంది, రంగు కూడా ఏం మారదు, కానీ లోపల ఎదుగుదల ఆగింది, టెంపరేచరో, నైట్రేట్ ఫాస్ఫేట్ సున్నాకి పడిపోవడమో, ఏదో ఒకటి. కంటికి కనపడే ముందే ఆ కాగితం నీకు చెప్తుంది.

రెండు సీసాల గోలే వద్దనుకుంటే కాల్షియం ఫార్మేట్‌తో చేసే సింగిల్ బాటిల్ సొల్యూషన్లు ఉన్నాయి, అన్నీ ఒకే దాంట్లో, ఒకే ట్యూబ్. నువ్వు అడిగిన దాపరికానికి దాన్ని మించింది లేదు. అయితే అందులో ఆల్క్ వెంటనే కిట్‌కి కనపడదు, ట్యాంక్‌లో బ్యాక్టీరియా ఫార్మేట్‌ని తిన్నాకే కనపడుతుంది, కాబట్టి ఇవాళ పోసి రేపు టెస్ట్ చేసి "పెరగలేదే" అని డోస్ పెంచకూడదు, మార్చిన ప్రతిసారీ కొన్ని రోజులు ఆగాలి. ఓపిక ఉంటే అదే నీకు బెస్ట్, ఓపిక లేకపోతే టూ పార్టే. టాప్ ఆఫ్ నీళ్ళల్లో సున్నపు తేట, అదే కాల్క్‌వాసర్, కలుపుకో అని కొందరంటారు, పెద్ద ట్యాంకులకి నేనూ చెప్తాను, నీ 50 లీటర్లకి మాత్రం వద్దు, ఆ తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది, టాప్ ఆఫ్ సెన్సర్ ఒక్క రాత్రి ఇరుక్కుంటే తెల్లారేసరికి ఏమీ మిగలదు.

ఒకవేళ ఎప్పుడైనా ట్యాంక్ తెల్లబడిందే అనుకో, ప్లగ్ పీకు, ఆల్క్ కొలువు, ఇరవై శాతం వాటర్ చేంజ్ చెయ్యి, మర్నాడు మళ్ళీ కొలిచి మళ్ళీ చెయ్యి. బ్యాలెన్స్ చేద్దామని కాల్షియం పోయకు, ఆల్క్ దించుదామని వెనిగర్, యాసిడ్ లాంటివి ట్యాంక్‌లో అస్సలు పోయకు. పంపులు తిరగనీ, ఆక్సిజన్ అందనీ. ఆ తెలుపు ఒకట్రెండు రోజుల్లో దానంతట అదే దిగుతుంది.

ఆ రెండు రోజుల ఆల్క్ రీడింగ్‌లు, సిరంజితో ఇన్నాళ్ళూ ఎంత పోస్తున్నావో, ఆ రెండూ రాసి పంపు, నీ ట్యాంక్‌కి గ్రాములు నేను లెక్కేసి ఇస్తా. ఈలోపు షెల్ఫ్ మీద పుస్తకాలు పుస్తకాల్లాగే ఉండనీ.